ముందే అచ్చేసిన రక్తపోటు

ఆ మంగళవారం ఉదయం తొమ్మిది గంటల లోపు నేను చేయవలసిన పనులు ఇవి.

ప్రసూతి వార్డులో వీణ పెట్టాలి. పక్క మంచం మీది మనిషి మూలుగు వినపడకుండా చేసేంత శబ్దం ఉంటే చాలని ఆదేశం.

గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది కనుక దాని సెల్లు తీసేయాలి.

నిషిద్ధ పదాల పట్టిక మళ్ళీ రాయాలి. కిందటి వారం వరకు ‘సీరియస్’, ‘రిస్క్’, ‘అర్జెంట్’ అని మూడే ఉండేవి. ఇప్పుడు ‘త్వరగా’, ‘అయ్యో’, ‘రక్తం’ కూడా చేరాయి.

రక్తపరీక్షల గది బోర్డు మీద మొదటి మాటపై కాగితం అంటించాలి.

తెల్లకోటుతో ఎవరొచ్చినా గేటు దగ్గరే విప్పించి లేత ఊదారంగు కోటు ఇవ్వాలి.

బీపీ మిషన్లున్న బీరువాకి తాళం పడిందో లేదో రెండుసార్లు లాగి చూడాలి.

జిల్లా అధికారి గారికి దండ తేవాలి. మల్లెలు వద్దు, ఘాటు. కనకాంబరాలు చాలు, వాటికి ఏ వాసనా ఉండదు.

ఇవన్నీ ఎనిమిది నలభైకే పూర్తిచేశాను. చెప్పిన పని చెప్పినట్టు చేయడం నాకు అలవాటు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. మా అమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. జీడిరసానికి ఆమె వేలిముద్రలు చెరిగిపోయి రేషన్ మిషను ఆమెను గుర్తుపట్టదు. అందువల్ల అచ్చయిన కాగితమన్నా, దాని కింద ఆకుపచ్చ సిరా సంతకమన్నా మా ఇంట్లో గౌరవం కాస్త ఎక్కువ. ఆ గౌరవంతోనే మా ఏరియా ఆసుపత్రిలో ‘ప్రశాంతతా పరిశీలకురాలు’ ఉద్యోగంలో చేరాను. కాంట్రాక్టు ఏడాదికోసారి పొడిగిస్తారు కనుక ఊరి పేరు చెప్పను.

ఈ ఉద్యోగం ఎలా పుట్టిందో చెప్పాలి. మా ఆసుపత్రిలో మత్తు డాక్టరు ఒక్కరే, డాక్టర్ సుభద్రా పాణిగ్రాహి గారు. అందరూ మత్తు మేడం అనేవారు. యాభై దాటిన మనిషి. పొట్టి. మాట ఇంకా పొట్టి. నెలలు నిండుతున్న గర్భిణికి బీపీ బాగా పెరిగితే బిడ్డను ఆపరేషన్ చేసి తీయవలసి వస్తుంది. అలాంటి మనిషికి మత్తివ్వడం కత్తిమీద నడక. అందుకని ఇంకొక మత్తు డాక్టరు కావాలనీ, బీపీ దించే ఇంజెక్షన్లు ఎప్పుడూ నిల్వ ఉండాలనీ, నిమిషనిమిషానికీ దానంతట అదే బీపీ చూపించే మానిటరు ఒకటి ఇప్పించాలనీ ఆమె రెండేళ్ళలో ఆరు ఉత్తరాలు రాశారు. ఆరో ఉత్తరం పనిచేసింది. జిల్లా కార్యాలయంలో దాని మీద పెద్ద సమావేశం జరిగింది.

ఆ సమావేశానికి ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి ఒకాయన చక్కగా మాట్లాడారట. ఆందోళన ఉంటే రక్తపోటు పెరుగుతుంది. ఆందోళన తీసేస్తే రక్తపోటు ఉండదు. రక్తపోటు లేకపోతే మత్తులో చిక్కు ఉండదు. చిక్కు లేనప్పుడు రెండో మత్తు డాక్టరు దేనికి? హాలంతా చప్పట్లు కొట్టింది. నాలుగు వాక్యాల్లో సమస్య తీరిపోవడం జిల్లా చరిత్రలో అదే మొదటిసారి. వారం తిరక్కుండా ‘ప్రశాంత ప్రసవ పథకం’ వచ్చింది. దానికి జిల్లా ప్రశాంతతా సమన్వయాధికారిగా శ్రీ విశ్వంభరం గారు వచ్చారు. మత్తు మేడం అడిగిన మూడింటికి బదులు ఒక వీణ రికార్డూ, రెండు స్పీకర్లూ, నేనూ వచ్చాం.

మొదటి నెలలో నియమం చిన్నదే. ఏ గర్భిణికైనా బీపీ నూట నలభై దాటితే, ఆమెకు తగినంత ప్రశాంతత ఎందుకు అందించలేకపోయారో డ్యూటీ సిస్టరు రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవాలి. పదిహేను రోజుల్లో సిస్టర్లందరికీ మెమోలు అందాయి. ఒక సిస్టరు మెమో అందుకుంటూనే కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. పక్క సిస్టరు ఆమె బీపీ చూస్తే నూట అరవై రెండు ఉంది. చూసినందుకు పక్క సిస్టరుకీ ఒక మెమో వచ్చింది.

రెండో నెలలో తెల్లకోట్లు పోయాయి. తెల్లకోటు చూస్తే రోగికి గుండె దడ వస్తుందని ఎక్కడో చదివారట. డాక్టర్లందరికీ ఊదారంగు కోట్లు కుట్టించారు. భుజాల దగ్గర జరీ ఎందుకు వేశాడో దర్జీకే తెలియాలి. ఒక పెద్దాయన వరండాలో మా ఎముకల డాక్టరు గారిని ఆపి, “బాబూ, వొచ్చే లక్ష్మివారం మావోడి పెళ్ళి. మీ బేండుకి కాళీ ఉన్నాదేటి?” అని అడిగాడు.

మూడో నెలలో మా సూపరింటెండెంటు డాక్టర్ వైకుంఠరావు గారు స్వయంగా ఒక పరిశోధన చేశారు. జిల్లాలో అధిక రక్తపోటు నమోదైన ప్రతి చోటా ఒక బీపీ మిషను ఉంది. బీపీ మిషను లేని ఒక్క చోట కూడా అధిక రక్తపోటు నమోదు కాలేదు. “యంత్రమునకును వ్యాధికిని గల సంబంధము నిర్ద్వంద్వముగా రుజువైనది” అని ఆయన పైకి రాశారు. పైనుంచి అభినందన వచ్చింది. తొమ్మిది మిషన్లూ స్టోరు బీరువాలోకి వెళ్ళాయి. బయటికి తీయాలంటే మూడు సంతకాలు కావాలి. అందులో రెండు జిల్లా కేంద్రంలో ఉంటాయి.

నాలుగో నెలలో కొత్త కేసు షీట్లు వచ్చాయి. సిబ్బంది సమయం వృథా కాకూడదని రక్తపోటు గడిలో 120/80 అని ముందే అచ్చువేయించారు. నేను ఎన్నో ఫారాలు చూశాను గానీ అంత శుభ్రమైన అచ్చు చూడలేదు.

మత్తు మేడం దీని గురించి ఎవరితోనూ పోట్లాడలేదు. రోజూ భుజాన ఒక గుడ్డసంచి వేసుకొని వచ్చేవారు. అందులో టిఫిన్ డబ్బా కింద ఆమె సొంత బీపీ మిషను ఉండేదని నాకు తెలుసు. సంచులు సోదా చేయాలని ఏ ఉత్తర్వులోనూ లేదు కనుక నేను సోదా చేయలేదు. థియేటరు అల్మారాలో ఒక అట్టపెట్టె మీద ‘ప్రశాంతతా సామగ్రి’ అని ఆమె చేతిరాతతో ఉండేది. బీపీ దించే ఇంజెక్షన్లు అందులోనే ఉండేవి. పేరు చూసి తనిఖీ బృందం దానికి మంచి మార్కులు వేసింది.

అలా ఆ మంగళవారం మా ఆసుపత్రిని ‘అధిక రక్తపోటు రహిత ప్రసూతి కేంద్రం’గా ప్రకటించడానికి ఏర్పాట్లు జరిగాయి. విశ్వంభరం గారు పదిన్నరకి రావాలి.

తొమ్మిదింబావుకి ఒక ఆటో వచ్చింది.

ముందు సీటు లోంచి ఒక ముసలమ్మ దిగింది. వెనక సీట్లోంచి ఇద్దరు ఆడవాళ్ళు ఒక అమ్మాయిని దించారు. అమ్మాయి పేరు అసిరితల్లి, ఇరవై నాలుగేళ్ళు, ఎనిమిది నెలలు నిండాయి. కిందటి కాన్పు ఏడో నెలలోనే పోయింది. ముసలమ్మ ఆమె అత్త తవిటమ్మ. నేను పట్టికలో చెప్పినట్టు చిరునవ్వుతో ఎదురెళ్ళాను.

“ప్రశాంత ప్రసవ కేంద్రానికి స్వాగతం.”

“ఏటే అమ్మా నవ్వుతావు?” అంది తవిటమ్మ. “నా కోడలికి తలకాయ పగిలిపోతందంటంది. కళ్ళముందర మెరుపులు మెరుస్తన్నాయంటంది. మొకం సూడు, ఎలగ ఉబ్బిపోనాదో. సీరియస్సేటమ్మా?”

“ఆ మాట ఇక్కడ అనకూడదమ్మా.”

“మరేటనాల?”

“‘శ్రద్ధ అవసరం’ అనాలి.”

తవిటమ్మ నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. “సరే. నా కోడలికి శ్రద్ధ అవసరం. బేగి సూడండి. లేపోతే శ్రద్ధగా సచ్చిపోతాది.”

‘బేగి’ అంటే త్వరగా. నిషిద్ధ పదానికి మాండలిక రూపం కూడా వర్తిస్తుందా లేదా అన్నది ఉత్తర్వులో లేదు. అంతలో అసిరితల్లి రెండు చేతులతో చెవులు మూసుకొని, “అత్తా, ఆ టింగుటింగు ఆపమను, బుర్రలో గుచ్చుతంది” అంది. వీణ ఆపే అధికారం నాకు లేదు. మత్తు మేడానికి కబురు పంపే అధికారం ఉంది. పంపాను.

మేడం వస్తూనే స్పీకరు వైరు లాగేశారు. సంచిలోంచి మిషను తీసి అసిరితల్లి చేతికి కట్టారు. నూట డెబ్భై ఎనిమిది, నూట పద్నాలుగు. కాసేపాగి రెండో చేతికి కట్టారు. అంతే ఉంది. కేసు షీటు మీద అచ్చయిన 120/80ని అడ్డంగా కొట్టేసి, పక్కన అసలు అంకె రాశారు. అచ్చు మీద గీత పడడం నేను అంతకు ముందు చూడలేదు.

ఆపరేషన్ చేసే డాక్టరు హైమావతి గారు బిడ్డ గుండె చప్పుడు విన్నారు. “తడబడుతోంది సుభద్రా. ఎంతో సేపు ఆగలేం.”

“బీపీ ముందు కొంచెం దించుతాను. ఫిట్స్ రాకుండా మందు మొదలుపెడతాను. ఒక్క అరగంట ఇవ్వు.” ఆమె అట్టపెట్టె తెరుస్తూ నావైపు తిరిగారు. “దమయంతీ, ల్యాబుకి వెళ్ళు. ప్లేట్‌లెట్లు ఎన్నో కావాలి. నడుములో సూది వేయాలంటే రక్తం సరిగ్గా గడ్డకట్టాలి. లేకపోతే వెన్ను దగ్గర లోపల రక్తం కారి కాళ్ళు పడిపోతాయి.”

పావుగంటలో ల్యాబు జగన్నాథం గారు ఊదా కోటులో తానే కాగితం పట్టుకొచ్చారు. మేడం చూశారు. ‘సంతృప్తికరము’ అని ఉంది.

“ఎంత?”

“సంతృప్తికరం మేడం. అంకెలు ఇస్తే ఆందోళన పుడుతుందని ఇవ్వద్దన్నారు.”

“జగన్నాథం, ఎంత సంతృప్తికరం?”

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “లక్షా పదివేలు సంతృప్తికరం మేడం.”

“చాలు. సూది వేయొచ్చు.”

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర కారు హారన్ మోగింది. విశ్వంభరం గారు ముప్పావుగంట ముందే వచ్చేశారు. సూపరింటెండెంటు గారు కనకాంబరాల దండతో పరుగెత్తారు. పరుగు కూడా నిషిద్ధమే గానీ అది రోగుల బ్లాకుకే వర్తిస్తుంది. ఐదు నిమిషాల్లో ఇద్దరూ థియేటరు వరండాలో ఉన్నారు. స్ట్రెచరు మీద అసిరితల్లి ఉంది. ఆమె పక్కన కొట్టేసిన కేసు షీటు ఉంది.

విశ్వంభరం గారు మృదువుగా మాట్లాడే మనిషి. ఎవరినీ కసురుకోరు. కళ్ళజోడు సర్దుకొని అంకె చదివారు.

“ఇది సాధ్యము కాదండీ. సదరు కేంద్రము గత మాసము పన్నెండవ తేదీ నుండి అధిక రక్తపోటు రహితముగా పరిగణింపబడుచున్నది. కావున ఈమెకు అధిక రక్తపోటు ఉన్నయెడల, ఈమె ఈ కేంద్రపు పరిధిలోనికి రారు.”

“వొచ్చేసినాం గదా బాబూ,” అంది తవిటమ్మ. “ఆటో కూడా ఎల్లిపోనాది.”

“జిల్లా ఆసుపత్రికి పంపించుడు.”

“తొంభై కిలోమీటర్లు సార్,” అన్నారు మత్తు మేడం, సెలైను సీసాలో మందు కలుపుతూ. “దారిలో ఫిట్స్ వస్తాయి. బిడ్డ అంతసేపు ఉండదు.”

“అంబులెన్సుకు సైరను వాడరాదు సుమా. సైరను ఆందోళనకారకము.”

“సైరను లేకుండా అయితే రెండున్నర గంటలు.”

ఆయన ఆలోచించారు. ఆయన చెడ్డవారు కారు. నిజంగానే ఆలోచించారు. “పోనీ, ఈమెను పూర్తిగా నిద్రపుచ్చుడు. నిద్రించు వారికి ఆందోళన ఉండదు కదా. పథకము యొక్క స్ఫూర్తి కూడా అదియే.”

“పూర్తి మత్తిస్తే గొంతులోకి గొట్టం వేయాలి సార్. ఈమె ముఖంలాగే గొంతు లోపల కూడా ఉబ్బి ఉంటుంది. గొట్టం దిగడం కష్టం. దిగేటప్పుడు బీపీ ఎగురుతుంది. మెదడులో నరం చిట్లితే మనిషి దక్కదు. నడుముకి ఇచ్చే మత్తే ఈమెకి మంచిది.”

“అటులైన, ముందు రక్తపోటు నూట ఇరవైకి దిగనిండు. పిమ్మట మత్తు. నియమము నాలుగు.”

“మందుతో కొంత దించుతాను. ఇప్పుడే నూట యాభైకి వచ్చింది. మందుతో మరీ దించేస్తే బిడ్డకి రక్తం అందదు. మిగతాది బిడ్డా, మాయా బయటికి వచ్చాకే దిగుతుంది సార్. ఈ జబ్బుకి మందు కాన్పే.”

“అనగా, రక్తపోటు తగ్గితే గాని శస్త్రచికిత్స చేయరాదు. శస్త్రచికిత్స చేస్తే గాని రక్తపోటు తగ్గదు.” విశ్వంభరం గారి ముఖంలో నిజమైన ఆసక్తి కనిపించింది. “ఇది బహు చక్కని అంశము. దీనిపై ఒక ఉపసంఘమును వేయవచ్చును.”

“వెయ్యండి బాబూ,” అంది తవిటమ్మ. “అది ఏసేలోపు కోత కోసీమనండి.”

సూపరింటెండెంటు గారు నుదురు తుడుచుకొని మధ్యేమార్గం చెప్పారు. కొట్టేసిన షీటును అవతల పెట్టి కొత్త షీటు తీసుకుంటే, అందులో 120/80 ఎలాగూ అచ్చయి ఉంటుంది కనుక నియమం నాలుగు దానంతట అదే నెరవేరుతుంది. విశ్వంభరం గారు ఒప్పుకున్నారు. నేను కొత్త షీటు తెచ్చి అట్టకి పైన పెట్టాను. పాతది కింద ఉంచాను. పై కాగితం మాకు, కింది కాగితం మేడానికి.

“మరి నియమము తొమ్మిది?” అన్నారు విశ్వంభరం గారు. అందరూ నావైపు చూశారు.

నియమం తొమ్మిది నా ఉద్యోగం. థియేటరులోకి వెళ్ళే ప్రతివారి ముఖం చూసి, ప్రశాంతంగా ఉందని నేను సంతకం పెట్టాలి. దీనికి జిల్లా కేంద్రంలో మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. నుదుటి మీద రెండుకి మించి ముడతలుండకూడదు. కనుబొమలు దగ్గరకు రాకూడదు. పెదవుల చివరలు కొంచెం పైకి ఉండాలి. మత్తు మేడం నుదుటి మీద నాలుగు ముడతలున్నాయి. కనుబొమలు కలిసిపోయాయి. పెదవులు ఒక గీతలా ఉన్నాయి. నా పక్కన ఆకుపచ్చ సిరా కలంతో విశ్వంభరం గారు నిలబడ్డారు. నా కాంట్రాక్టు పొడిగింపు ఆ వచ్చే నెలలోనే ఉంది.

స్ట్రెచరు మీద అసిరితల్లి, “అమ్మా, మెరుపులు ఎక్కువైపోతన్నాయి” అంది.

నేను నియమావళి తీసి తొమ్మిదో పేజీ మళ్ళీ చదివాను. అప్పుడు అన్నాను, “మేడం, ముందు టోపీ, మాస్కు పెట్టుకోండి.”

మేడం ఒక్క క్షణం నన్ను చూశారు. టోపీ కనుబొమల దాకా లాక్కున్నారు. మాస్కు కట్టుకున్నారు. ఇక మిగిలినవి రెండు కళ్ళు. అవి అసిరితల్లి మీదే ఉన్నాయి. నేను ‘ప్రశాంతము’ అని రాసి సంతకం పెట్టాను.

“ఎటుల ధ్రువీకరించితిరి?” అన్నారు విశ్వంభరం గారు.

“రూల్లో ‘కనిపించు ముఖభాగము’ అని ఉంది సార్. కనిపించినంత మేరకు ధ్రువీకరించాను.”

ఆయన పుస్తకం తీసుకొని చదివారు. ఆ వాక్యం ఆయన రాసిందే. “బాగు బాగు,” అన్నారు. “ఉత్తర్వును ఇంత శ్రద్ధగా చదివిన వారిని ఈ జిల్లాలో నేడే చూచుచున్నాను.”

తలుపులు తెరుచుకున్నాయి.

నియమం పదకొండు ప్రకారం ఆపరేషన్ జరిగేటప్పుడు నేను లోపల ఒక మూల నిలబడి ప్రశాంతతను నమోదు చేయాలి. అందువల్ల మిగతాదంతా నా కళ్ళతో చూశాను.

అసిరితల్లిని బల్ల మీద కూర్చోబెట్టారు. సిస్టరు ఆమె భుజాలు పట్టుకుంది. మేడం వెనక్కి వెళ్ళి వేళ్ళతో వెన్నెముక తడిమారు. మాతో పొట్టి మాటలే మాట్లాడే మనిషి గొంతు అక్కడ మారిపోయింది.

“తల్లీ, గెడ్డం గుండెకి ఆనించు. వీపు ఉబ్బించు, దిండుని వాటేసుకున్నట్టు. సీమ కుట్టినట్టుంటాది, కదలకు. అయిపోనాది. అయిపోనాది తల్లీ.”

పడుకోబెట్టి కుడి తుంటి కింద చిన్న దిండు పెట్టారు. కాళ్ళు బరువెక్కాయా అని అడిగారు. తడి దూది పొట్టకి తాకించి చల్లగా ఉందా అని అడిగారు. చల్లగా లేదని చెప్పాకే హైమావతి గారికి తలూపారు. ఆ తర్వాత అసిరితల్లి తల వైపు ఒక స్టూలు మీద కూర్చున్నారు. నడుము మత్తుకి బీపీ ఒక్కసారిగా జారిపోవచ్చట. మేడం అడిగిన మానిటరు రాలేదు కనుక నిమిషానికొకసారి చేత్తోనే బల్బు నొక్కి బీపీ చూశారు. ఒక చెయ్యి నాడి మీద, ఇంకో చెయ్యి బల్బు మీద. పైకే చదివేవారు. నూట నలభై ఎనిమిది. నూట నలభై. నూట ముప్పై రెండు.

తర్వాత ఒకసారి, “నూట ఇరవై, ఎనభై” అన్నారు.

నాకు పట్టరాని సంతోషం వేసింది. నా షీటు మీద అచ్చయిన అంకె నిజమైంది. పెన్ను తీసి టిక్కు పెట్టబోయాను. మేడం అప్పటికే సిరంజి ఎత్తి సెలైనులోకి మందు ఎక్కిస్తున్నారు.

“ఈమెకి ఇది తక్కువ,” అన్నారు ఎవరితోనూ కాకుండా. “ఇంకా జారకూడదు.”

మళ్ళీ బల్బు నొక్కారు. నూట ముప్పై నాలుగు. ఆమె భుజాలు ఒక అంగుళం కిందికి దిగాయి. నేను టిక్కు పెట్టలేదు. నెలల తరబడి నేను రోజూ పంచిపెట్టిన అంకె ఈ మనిషికి మందు వేసి సరిచేయవలసిన అంకె అని నాకు అప్పుడే తెలిసింది.

“అమ్మా,” అంది అసిరితల్లి పైకప్పు చూస్తూ. “తలకాడ ఎవులున్నారు?”

“నానే. మత్తు దాన్ని.”

“మత్తు రానేదు గదమ్మా. మెలకువగానే ఉన్నాను.”

“ఉండు మరి. నీ బిడ్డ ఏడుపు నువ్వే ముందు ఇనాల.”

ఆ ఏడుపు పది నలభై రెండుకి వినిపించింది. ఆడపిల్ల, కిలో తొమ్మిది వందలు. గొంతు మాత్రం మూడు కిలోలది. సిస్టరు అలవాటు కొద్దీ ట్రేలోంచి రక్తస్రావం ఆపే ఇంజెక్షను ఒకటి తీయబోతే మేడం స్టూలు మీంచే, “అది కాదు, అది బీపీ పెంచుతుంది. ఆ పక్కది” అన్నారు. గొంతు పెంచలేదు. నేను నా పుస్తకంలో ‘ప్రశాంతము’ అని రాశాను. ఆ ఉద్యోగంలో నేను పూర్తి మనస్సుతో రాసిన మాట అదొక్కటే.

బయట మధ్యాహ్నం పన్నెండింటికి సభ జరిగింది. విశ్వంభరం గారు ప్రమాణపత్రం అందిస్తూ, ఈ శిశు రోదనమే పథకము యొక్క విజయభేరి అన్నారు. వీణకు కృతజ్ఞతలు చెప్పారు. తవిటమ్మని వేదిక మీదికి పిలిచి మైకు ఇచ్చారు. ఆమె మైకులో, “నా కోడలు బతికినాది. ఆ టింగుటింగు మాత్తరం మానీయండి బాబూ” అంది. చప్పట్లు బాగా మోగాయి. మేడం సభకి రాలేదు. ఈ జబ్బుకి కాన్పయ్యాక కూడా ఫిట్స్ రావచ్చట. మర్నాడు మందు ఆపే దాకా ఆమె వార్డులోనే ఉన్నారు.

ఇక్కడ నేను చేసిన పని ఒకటి చెప్పాలి. ఆ రోజు రెండు కేసు షీట్లున్నాయి కదా. రెండూ ఆసుపత్రి కాగితాలే. ఆసుపత్రి కాగితం పారేయకూడదని నాకు తెలుసు. అందువల్ల రెండూ వరసగా కుట్టి ఫైల్లో పెట్టాను. ఎవరూ పెట్టమనలేదు. ఎవరూ వద్దనలేదు.

నెల తర్వాత తనిఖీ జరిగింది. ఫైలు విప్పారు. మత్తు మేడానికి మెమో వచ్చింది. ఒకటి, అనుమతి లేని సొంత యంత్రమును కలిగియుండుట. రెండు, అచ్చయిన ప్రభుత్వ అంకెను కొట్టివేయుట. మూడు, అధిక రక్తపోటు రహిత కేంద్రములో అధిక రక్తపోటును కనుగొనుట. మేడం జవాబు ఒకటే వాక్యం రాశారు: ‘కొలిచాను, ఉంది.’ ఈ జవాబులో ప్రశాంతత కొరవడిందని తేల్చి ఆమెను ఆరు వారాల ప్రశాంతతా పునశ్చరణ శిక్షణకు పంపారు. ఆరు వారాలు ఇప్పటికి రెండుసార్లు పొడిగించారు.

వెళ్ళే రోజు ఆమె దగ్గరికి వెళ్ళి, “ఆ కాగితం ఫైల్లో పెట్టింది నేనే మేడం” అన్నాను.

“నువ్వు కాకపోతే ఎవరు పెడతారు?” అన్నారు. “మంచి పని చేశావు. ఆమెకి మళ్ళీ కడుపొస్తే ఏ డాక్టరైనా ఆ కాగితమే చూడాలి. చింపకు.”

ఇప్పుడు మా ఆసుపత్రిలో మత్తు డాక్టరు లేరు. బీపీ ఉన్న గర్భిణులందరూ సైరను లేకుండా తొంభై కిలోమీటర్లు వెళ్తున్నారు. కిందటి నివేదికలో సూపరింటెండెంటు గారు ‘మత్తు సంబంధిత సమస్యలు: శూన్యము’ అని రాశారు. అందులో అబద్ధం లేదు.

ముఖద్వారం పక్కన నల్లరాతి పలక ఒకటి వేయించారు. పథకం విజయానికి కారకులైన పదకొండు మంది పేర్లు బంగారు అక్షరాల్లో ఉన్నాయి. వీణ వాయించిన ఆవిడ పేరుంది. గోడలకి రంగు వేసినాయన పేరుంది. తొమ్మిదోది నాది. మా అమ్మ వచ్చి ఆ అక్షరాలు తడిమి చూసి వెళ్ళింది.

నిన్న అసిరితల్లి బిడ్డకి టీకా వేయించడానికి వచ్చింది. బిడ్డకి బుగ్గలు వచ్చాయి. అసిరితల్లి పలక ముందు నిలబడి నన్ను పిలిచింది.

“నాకు సదువు రాదమ్మా. ఇందుల ఆయమ్మ పేరు ఎక్కడుందో సూపించు. తలకాడ కూకున్న అమ్మ. మొకం సరిగ్గా ఆనలేదు, కళ్ళముందర అన్నీ మెరుపులే. గొంతు గేపకం. పిల్లకి ఆ పేరు ఎడదామని.”

నేను పదకొండు పేర్లూ పైకి చదివాను. ఆమె ఒక్కొక్క పేరుకీ తల అడ్డంగా ఊపింది, ఇది కాదన్నట్టు. అయిపోయాక నావైపు చూసింది.

“మరి ఆయమ్మ పేరేటి?”

చెప్పాను. ఆమె మూడుసార్లు పలికింది. ఇంటిపేరు దగ్గర నాలిక తిరగలేదు. మొదటి పేరు మాత్రం బిడ్డ చెవిలో స్పష్టంగా చెప్పింది.

నేను ఇది చదివేవారిని అడిగేది ఒకటే. మీ ఇంట్లో ఎవరికో ఎప్పుడో కోత కోసి ఉంటారు. కోసిన డాక్టరు పేరు మీకు గుర్తుంటుంది. తల వైపు స్టూలు మీద ఒకరు కూర్చొని ఉంటారు. వారిని ఒకసారి తలచుకోండి. వారి పేరు తెలియకపోతే, ప్రస్తుతానికి ఈ పేరు గుర్తుపెట్టుకోండి: డాక్టర్ సుభద్రా పాణిగ్రాహి.